పిల్లల్ని ఆటకి పంపుతున్నారా? వేధింపుల నుంచి వాళ్లని కాపాడుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ఆరేళ్ల పాటు పిల్లల స్విమ్మింగ్ టీమ్‌కి మేనేజర్‌గా ఉన్నాను. జీతం లేని పని. పేర్లు రాసుకోవడం, టవల్ మర్చిపోయినవాళ్లకి టవల్ ఇవ్వడం, పోటీలకి తీసుకెళ్లి తీసుకురావడం. అప్పట్లో పూల్ పక్కన బరువు చూసే మిషన్ ఒకటి ఉండేది. ప్రతి శనివారం కోచ్ నోట్‌బుక్ పట్టుకుని దాని పక్కన నిలబడేవారు. పిల్లలు వరుసగా ఎక్కేవాళ్లు, ఆయన అంకె పైకి చదివేవారు. ఒక శనివారం పదకొండేళ్ల పాప తన వంతు రాగానే జుట్టులోంచి రెండు క్లిప్పులు తీసి, కింద జాగ్రత్తగా పెట్టి, అప్పుడు ఎక్కింది. ఆ క్లిప్పుల బరువైనా తగ్గితే చాలనుకుంది. కోచ్ అంకె చదివారు, ఏదో అన్నారు, వెనకున్న పిల్లలు నవ్వారు. పాప దిగి క్లిప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. మూడు వారాలు నోరు మెదపలేదు. అది వేధింపు అని నాకు తట్టనే లేదు. పతకాలు తెప్పించిన కోచ్, ఆయనకి తెలియనిది నాకు తెలుస్తుందా అనుకున్నాను.

ఆ మూడు వారాలు గుర్తొచ్చినప్పుడల్లా బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ తర్వాత చదివింది, చూసింది, చేసింది అంతా కలిపితే నాకు అర్థమైంది ఇది: ముఖం చూసి ఎవరు మంచివాళ్లో, ఎవరు కాదో కనిపెట్టడం ఎవరివల్లా కాదు. మన చేతిలో ఉన్నవి రెండే. ఏ పెద్దవాళ్లూ ఏ పిల్లలతోనూ ఎవరి కంటా పడకుండా ఉండే వీలు లేకుండా ఏర్పాట్లు చేయడం ఒకటి. పిల్లలు నోరు విప్పితే నమ్మి వినే మనిషి ఉండేలా చూడటం రెండోది. కింద రాసినవన్నీ ఈ రెండింటి కోసమే.

ముందుగా: దేన్ని వేధింపు అంటాం?

లైంగిక వేధింపు అనగానే అందరికీ తాకడమే గుర్తొస్తుంది. తాకకుండా చేసేవీ ఉన్నాయి: బట్టలు మార్చుకుంటుంటే చూడటం, ఒంటి గురించి అసభ్యంగా మాట్లాడటం, ఫోటోలు పంపమనడం, అశ్లీల వీడియోలు చూపించడం. కొట్టడం, గిల్లడం, వస్తువులు విసరడం శారీరక వేధింపు. వీటి మీద పెద్దగా వాదన ఉండదు.

వాదన అంతా మిగతా వాటి మీదే. గాయంతో ఆడించడం, నీళ్లు ఇవ్వకపోవడం, బాత్రూమ్‌కి వెళ్లనివ్వకపోవడం, ఓడిపోయినందుకు స్పృహ తప్పేదాకా పరిగెత్తించడం, అందరి ముందూ బరువు చదవడం, నెలల తరబడి ఒక్క పిల్లనే పలకరించకుండా వదిలేయడం. వీటికి 'క్రమశిక్షణ' అని పేరు పెడతారు, తల్లిదండ్రులు కూడా తలూపుతారు. బ్రిటన్‌లో జిమ్నాస్టిక్స్ శిక్షణ మీద న్యాయవాది ఆన్ వైట్ నాయకత్వంలో జరిగిన సమీక్షకి 400కి పైగా వివరణలు అందాయి. 2022లో వచ్చిన ఆ నివేదికలో ఉన్నవి చాలావరకు ఇలాంటివే: తిండి విషయంలో అతి నియంత్రణ, బరువు పేరుతో అవమానాలు, గాయాలున్నా శిక్షణ. చేసినవాళ్లలో చాలామందికి తాము తప్పు చేస్తున్నామన్న ఆలోచనే లేదు.

నేను వాడే పరీక్ష ఒకటుంది. అదే పని లెక్కల టీచర్ క్లాసులో చేస్తే మీరు ఊరుకుంటారా? ఊరుకోరంటే, మైదానంలోనూ ఊరుకోకండి. కఠినమైన శిక్షణ వేరు. అందులో పిల్లాడు అలసిపోతాడు, విసుక్కుంటాడు, కానీ రేపు ఎందుకు రావాలో వాడికి తెలుసు. తప్పు ఎక్కడ జరిగిందో కోచ్ చెప్తారు, ఎలా దిద్దుకోవాలో చూపిస్తారు.

సీనియర్ పిల్లలు జూనియర్లకి చేసేదీ మర్చిపోకండి. టీమ్‌లోకి 'స్వాగతం' పేరుతో బట్టలు విప్పించడం, డ్రెస్సింగ్ రూమ్‌లో ఫోన్‌తో వీడియో తీయడం, తాగమని బలవంతం చేయడం. 'మేమూ పడ్డాం, ఇప్పుడు వాళ్ల వంతు' అనే మాట వినిపించిందంటే అక్కడ ఏదో జరుగుతోందని అర్థం.

మొదటి అడుగు: చేర్చే ముందు అడగండి

ఫీజు ఎంత, టైమింగ్స్ ఏమిటి అని అడిగినంత మామూలుగా ఇవి కూడా అడగాలి. పిల్లల రక్షణకి రాతపూర్వక నియమాలు ఉన్నాయా? ఫిర్యాదు చేయాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఆయన పేరేమిటి? హెడ్ కోచ్ మీదే ఫిర్యాదు అయితే ఎవరు వింటారు? కోచ్‌ల పోలీసు రికార్డు పరిశీలించారా? ప్రాక్టీస్ జరుగుతుంటే తల్లిదండ్రులు చూడొచ్చా?

చివరి ప్రశ్నకి 'కుదరదు' అంటే అక్కడితో లేచి వచ్చేయండి. అమ్మానాన్నలు పక్కన ఉంటే పిల్లల ధ్యాస చెదురుతుందన్నది నిజమే కావచ్చు. అలాంటప్పుడు దూరంగా కూర్చోమనొచ్చు, వారానికి ఒక రోజు రమ్మనొచ్చు. అసలు చూడకూడదనడానికి మాత్రం మంచి కారణం ఏదీ లేదు.

పోలీసు రికార్డు శుభ్రంగా ఉందంటే ఆ మనిషి ఇంతవరకు దొరకలేదని మాత్రమే తెలుస్తుంది. అందుకే క్లబ్ నడిపేవాళ్లు పాత క్లబ్‌కి ఫోన్ చేసి సూటిగా అడగాలి: "ఈయన్ని మళ్లీ మీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా?" అవతలి మనిషి ఒక్క క్షణం తడబడినా వివరం రాబట్టండి. డ్రైవరు, ఫిజియో, ఫోటోగ్రాఫరు, నాలాంటి వాలంటీరు, అందరికీ ఇదే వర్తిస్తుంది. కోచ్‌ని ఒక్కరినే చూసి మిగతావాళ్లని వదిలేయడం చాలా చోట్ల జరిగే పొరపాటు.

రెండో అడుగు: కనిపించని చోటు లేకుండా చేయండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇది. ఓపిగ్గా చదవండి.

సూత్రం చిన్నది. పెద్దవాళ్లు పిల్లలతో ఉన్నప్పుడు మరొకరికి కనిపించాలి, ఎవరైనా ఎప్పుడైనా మధ్యలోకి రాగలగాలి. ఆటల్లో వేధింపుల్ని అరికట్టడానికి అమెరికాలో 2017లో మొదలైన సేఫ్‌స్పోర్ట్ కేంద్రం పెట్టిన నియమాలకి కూడా ఇదే పునాది. దీన్ని ఒక్కో చోటికి అన్వయించి చూద్దాం.

ప్రత్యేక శిక్షణ: ఒక్క పిల్లకి విడిగా నేర్పడం తప్పు కాదు. అందరూ తిరిగే చోట నేర్పాలి, ఇంట్లోవాళ్లకి ముందే తెలిసి ఉండాలి. గదిలో అయితే తలుపు తెరిచి ఉంచాలి.

డ్రెస్సింగ్ రూమ్: పిల్లలు మార్చుకునేటప్పుడు పెద్దవాళ్లు లోపల ఉండకూడదు. అదే సమయంలో పెద్దవాళ్లు అక్కడ బట్టలు మార్చుకోకూడదు, స్నానం చేయకూడదు. మరీ చిన్నపిల్లలకి సాయం కావాలంటే ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఫోన్లు లోపలికి తీసుకెళ్లకూడదు, ఎవరివైనా సరే. బయట తలుపు దగ్గర ఒకరు మాటలు వినిపించేంత దూరంలో నిలబడితే సీనియర్ల ఆగడాలు కూడా తగ్గుతాయి.

కారు: 'మీ ఇంటి వైపే కదా, దింపేస్తాను' అన్న మాటతో ఎన్నో మొదలయ్యాయి. కనీసం ఇద్దరు పిల్లలు ఉండాలి, ఇద్దరూ వెనక సీట్లో కూర్చోవాలి, మీకు ముందే తెలియాలి. మీరు రావడం ఆలస్యమైతే కోచ్, మీ పిల్ల ఇద్దరే మిగిలిపోతారు. ఆ పరిస్థితి రాకుండా ఇంకో తల్లినో తండ్రినో కాసేపు ఆగమనండి. మా టీమ్‌లో ఆఖరి పిల్ల వెళ్లేదాకా ఇద్దరం ఉండేవాళ్లం. వంతులు వేసుకుంటే పెద్ద భారమేమీ కాదు.

టూర్లు: రాత్రి బస ఉన్న చోట జాగ్రత్త రెట్టింపు కావాలి. పెద్దవాళ్లు పిల్లల గదిలో పడుకోకూడదు. కోచ్ గదిలో మీటింగులు పెట్టకూడదు, వీడియో విశ్లేషణ కూడా హాల్లోనే జరగాలి. అమ్మాయిలు ఉంటే వాళ్లతో ఒక మహిళ వెళ్లాలి. పిల్లలు ఏ రాత్రయినా ఇంటికి ఫోన్ చేసుకోగలగాలి.

కోచ్ ఇల్లు: అసలు వద్దు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ కోచ్ బ్యారీ బెన్నెల్ ఇంట్లో వీడియో గేమ్ మెషిన్లు, వింత జంతువులు ఉండేవి. కుర్రాళ్లకి అది స్వర్గంలా ఉండేది, రాత్రిళ్లు అక్కడే ఉండిపోయేవాళ్లు. తల్లిదండ్రులు కూడా సంతోషంగానే పంపారు, కొడుకు పెద్ద ఆటగాడు అవుతాడని ఆశ. కుర్రాళ్లని లైంగికంగా వేధించినందుకు 2018లో అతనికి 31 ఏళ్ల శిక్ష పడింది.

ఫిజియో, డాక్టరు: ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు ల్యారీ నాసర్ చికిత్స పేరుతో అమ్మాయిల మీద అఘాయిత్యం చేస్తున్నప్పుడు కొన్నిసార్లు తల్లిదండ్రులు అదే గదిలో ఉన్నారు. తన ఒంటిని అడ్డం పెట్టి వాళ్లకి కనిపించకుండా చేసేవాడు. 2018 జనవరిలో ఒక్క కోర్టులోనే 150 మందికి పైగా అతని గురించి చెప్పారు, 40 నుంచి 175 ఏళ్ల జైలు పడింది. కాబట్టి గదిలో ఉంటే సరిపోదు. ఏం చేయబోతున్నారు, ఎక్కడ చేయి వేస్తారు, ఎందుకు, ఇవన్నీ మొదలుపెట్టే ముందే చెప్పమనండి. చేతులు కనిపించే చోట నిలబడండి. వద్దంటే ఆపేస్తారని డాక్టరు ఎదురుగానే మీ పిల్లకి చెప్పండి.

ఫోన్: కోచ్ నుంచి పిల్లకి వ్యక్తిగత మెసేజ్ రాకూడదు. ప్రాక్టీస్ టైమ్ మారినా, ఇంకేదైనా, తల్లిదండ్రులున్న గ్రూపులోనే రావాలి. మెసేజ్‌లు చెరిగిపోయే యాప్‌లు అసలే వద్దు.

తాకి నేర్పాల్సిన ఆటల్లో కోచ్ ముందు చెప్పి, అడిగి, అందరి ముందూ చేయాలి. వైకల్యం ఉన్న పిల్లలకి కూర్చోబెట్టడంలో, బట్టల్లో సాయం కావాల్సి రావచ్చు. అప్పుడూ అంతే, ప్రతిసారీ అడగాలి. సాయం కావాలి కాబట్టి వాళ్లకి ఇష్టాయిష్టాలు ఉండవన్నట్టు ప్రవర్తించడం వల్లే వాళ్లకి ప్రమాదం ఎక్కువ.

ఈ నియమాలు పెడితే మంచి కోచ్‌లు బాధపడతారని చాలామంది మొహమాటపడతారు. నా అనుభవంలో మంచి కోచ్‌లకి ఇవి ఊరట. తమ మీద ఎవరూ వేలెత్తి చూపే అవకాశం లేదని నిశ్చింతగా పని చేసుకుంటారు.

మూడో అడుగు: మచ్చిక చేసుకునే తీరు తెలుసుకోండి

ఇది నెమ్మదిగా జరుగుతుంది. ఒక ఉదాహరణ ఊహించుకోండి. మొదటి నెలలో: "ఇవాళ నీ ఆట అదిరింది!" రెండో నెలలో, రాత్రి పదకొండు గంటలకి: "నిద్ర పట్టలేదా? నాకూ అంతే." తర్వాత: "మీ నాన్నకి ఆట గురించి ఏం తెలుసు, నేనున్నా కదా." ఆ తర్వాత కొత్త బూట్లు, "మిగతావాళ్లకి చెప్పకు, కుళ్లుకుంటారు." అప్పటికి పిల్ల దగ్గర ఒక రహస్యం ఉంది. చిన్నదే. రెండో రహస్యం దాని పక్కన సులువుగా చేరుతుంది. ఒక రోజు సెలెక్షన్ మాట వస్తుంది: "నీ పేరు పంపాలా వద్దా అన్నది నా చేతిలో ఉంది."

ఒక్కో మెసేజ్‌ని విడిగా చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. వరుసగా పెట్టి చూడండి. పిల్లని ఇంటికి దూరం చేస్తూ, రహస్యాలు పెంచుతూ, తనమీదే ఆధారపడేలా చేస్తూ పోతున్నాయి. అదే సమయంలో తల్లిదండ్రులని కూడా మచ్చిక చేసుకుంటారు: ఫీజు తగ్గిస్తారు, ఇంట్లో కష్టం వస్తే ముందుంటారు. 'ఆయనా? ఛ, దేవుడులాంటి మనిషి' అని మీ నోటితోనే అనిపిస్తారు.

అగ్రస్థాయికి ఒక్క మెట్టు కింద ఉన్న పిల్లల మీద మరింత కన్నేసి ఉంచండి. ఇన్నేళ్ల కష్టం, ఇంకొక్క సెలెక్షన్. ఆ దశలో వాళ్లు దేన్నైనా భరిస్తారు, మనమూ ప్రశ్నించడానికి వెనకాడతాం.

నాలుగో అడుగు: పిల్లలకి మాటలు నేర్పండి

ఒంటి భాగాల పేర్లు సిగ్గుపడకుండా నేర్పండి. పేరు తెలియని చోట ఏం జరిగిందో పిల్లలు చెప్పలేరు. మంచి స్పర్శ, చెడు స్పర్శ అని నేర్పడం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. నొప్పి కలగకపోతే, మనిషి ఇష్టమైనవాడైతే, అది 'చెడు' అని పిల్లలకి అనిపించకపోవచ్చు. దానికి తోడు ఇంకోటి చెప్పండి: "ఎవరైనా ఇంట్లో చెప్పొద్దు అన్నారంటే, అదే ముందు ఇంట్లో చెప్పాలి." ఆరేళ్ల వాడికీ అర్థమవుతుంది, పదహారేళ్లకీ పనికొస్తుంది.

ఇంకోటి: ఆట మానేయిస్తారనే భయంతో పిల్లలు నోరు విప్పరు. "నువ్వు ఏం చెప్పినా నీ ఆట నీ దగ్గర్నుంచి లాక్కోను" అని ముందే మాట ఇవ్వండి. ప్రాక్టీస్ నుంచి వచ్చాక 'గెలిచావా' అని అడిగే ముందు 'ఇవాళ ఎవరితో సరదాగా గడిచింది, ఎవరితో చిరాకేసింది' అని అడగండి. రోజూ అడిగితే, చెప్పాల్సిన రోజున చెప్పడం వాళ్లకి కొత్తగా ఉండదు.

అబ్బాయిలకి కూడా ఇవన్నీ చెప్పాలి. మగపిల్లాడికేం అవుతుందిలే అనుకోవడం వల్లే వాళ్ల బాధ దశాబ్దాల తర్వాత గానీ బయటికి రావడం లేదు.

ఐదో అడుగు: మార్పులు గమనించండి

ప్రాక్టీస్ రోజునే వచ్చే కడుపునొప్పి, ఇష్టమైన ఆట అంటే ఒక్కసారిగా విరక్తి, ఎక్కడివో తెలియని బహుమతులు, ఫోన్ దాచడం, నిద్రలో ఉలికిపాటు, తిండి మానేయడం, వయసుకి మించిన లైంగిక విషయాలు మాట్లాడటం. ఇందులో ఏ ఒక్కటీ రుజువు కాదు, పరీక్షల టెన్షన్ వల్ల కూడా రావచ్చు. కొంతమంది పిల్లల్లో ఏ మార్పూ కనిపించదు, ఇంకా కసిగా ఆడి పతకాలు కూడా తెస్తారు. అనుమానం వస్తే పక్కన కూర్చోండి, సమయం ఇవ్వండి.

ఆరో అడుగు: పిల్ల చెప్పినప్పుడు

ఎక్కువగా కారులో చెప్తారు, లేదా లైట్ ఆపేశాక. ముఖాముఖి చూడక్కర్లేని చోట. సగం వాక్యమే చెప్పి మీరేమంటారో చూస్తారు. ఆ నిమిషంలో మీరు అరిచినా, ఏడ్చినా, 'ఆయనా? అలా ఎందుకు చేస్తారు' అన్నా మిగతా సగం లోపలే ఉండిపోతుంది.

ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి: "నువ్వు చెప్పడం మంచిపని. నేను నమ్ముతున్నాను. నీ తప్పేమీ లేదు. నీకు సాయం చేసేవాళ్లకి చెప్తాను." ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు.

ప్రశ్నలు తగ్గించండి. "ఇంకేమైనా చెప్పాలనుందా?" అనొచ్చు. "ఆయన నిన్ను ఇక్కడ తాకాడా?" అని మీరే జవాబు అందించకూడదు. పదేపదే అడిగితే పిల్ల నలిగిపోతుంది, కేసు కూడా బలహీనపడుతుంది. విచారించడం శిక్షణ ఉన్నవాళ్ల పని.

పిల్ల పడుకున్నాక రాసిపెట్టండి: తేదీ, సమయం, ఎక్కడ, వాళ్లు వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు. మర్యాదగా ఉండేలా మార్చకండి. మెసేజ్‌లు చెరపకండి, స్క్రీన్‌షాట్ తీయండి. పిల్లల అసభ్య చిత్రాలు ఉంటే మాత్రం కాపీ చేయడం గానీ, ఇంకెవరికైనా పంపడం గానీ చేయకుండా ఫోన్‌ని అలాగే పోలీసులకి ఇవ్వండి. శారీరకంగా ఏదైనా జరిగి ఒకట్రెండు రోజులే అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వీలైతే స్నానం చేయించకముందే. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లండి.

ఆ మనిషి దగ్గరికి వెళ్లి నిలదీయకండి. కోపం ఆపుకోవడం ఎంత కష్టమో తెలుసు. కానీ నిలదీస్తే సాక్ష్యాలు మాయం చేసుకోవడానికి మీరే టైమ్ ఇచ్చినట్టవుతుంది.

ఏడో అడుగు: బయట చెప్పండి

నేరం అనిపించిన దేన్నైనా పోలీసులకో, పిల్లల రక్షణ అధికారులకో, పిల్లల హెల్ప్‌లైన్‌కో నేరుగా చెప్పాలి. క్లబ్‌కి చెప్పడం అదనం, దానికి బదులు కాదు. 'ముందు మేం లోపల విచారిస్తాం' అంటే ఒప్పుకోకండి. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ మాజీ ఫుట్‌బాల్ కోచ్ జెర్రీ సాండస్కీని 2001లో ఒక పిల్లాడితో షవర్ గదిలో ఒక సహాయక కోచ్ చూశాడు. పైవాళ్లకి చెప్పాడు. వాళ్లు బయటి అధికారులకి చెప్పకుండా ఊరుకున్నారు. అరెస్టు 2011లో గానీ జరగలేదు. 2012లో పిల్లల మీద లైంగిక వేధింపుల కేసులో 45 అభియోగాల్లో దోషిగా తేలాడు.

ఒకసారి చెప్పి వదిలేయకండి కూడా. నాసర్ విషయం జిమ్నాస్టిక్స్ సంస్థకి 2015 జూన్‌లోనే తెలిసింది. తనే విచారణ చేసుకుంటూ, ఐదు వారాల తర్వాత అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి చెప్పింది. ఎఫ్‌బీఐ కూడా తాత్సారం చేసింది. 2016లో విషయం బయటపడేదాకా అతను పేషెంట్లని చూస్తూనే ఉన్నాడు. అందుకే ఫిర్యాదు నంబరు, తీసుకున్న అధికారి పేరు రాసుకోండి. వారంలో మళ్లీ అడగండి. కదలిక లేకపోతే పై అధికారికి రాయండి. విచారణ ముగిసేదాకా ఆ మనిషిని పిల్లలందరికీ దూరంగా ఉంచమని క్లబ్‌ని రాతపూర్వకంగా కోరండి. రాజీనామా చేయించి చేతులు దులుపుకుంటే, ఆయన ఇంకో ఊళ్లో ఇంకో టీమ్‌కి కోచ్ అవుతాడు.

నేరం దాకా పోని కఠినత్వం ఉంటే, నేను బరువు మిషన్ విషయంలో చేసినట్టు, క్లబ్‌లో బాధ్యత ఉన్న మనిషికి తేదీలతో రాసివ్వండి. ఒక్కరే వెళ్లడానికి భయమైతే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి. మా దగ్గర మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. నలుగురం సంతకం పెట్టిన రెండో ఉత్తరానికి వచ్చింది. మిషన్ తీసేశారు.

ఎనిమిదో అడుగు: ఆ తర్వాత

చెప్పిన పిల్ల టీమ్‌లో ఒంటరిదవుతుంది. 'మంచి కోచ్‌ని పోగొట్టింది' అనే గుసగుసలు తల్లిదండ్రుల గ్రూపుల్లో మొదలై పిల్లల దాకా వస్తాయి. క్లబ్ బాధ్యులు ఆ రోజే అందర్నీ కూర్చోబెట్టి, ఏ పేరూ బయటపెట్టకుండా, దీని గురించి మాట్లాడొద్దని గట్టిగా చెప్పాలి. పిల్లకి కౌన్సెలర్ సాయం ఇప్పించండి, మీరూ తీసుకోండి. అదే ఆట కొనసాగించాలా, వేరే చోట ఆడాలా, కొన్నాళ్లు మానేయాలా అన్నది పిల్లనే తేల్చుకోనివ్వండి. ఇవాళ వద్దని రెండు నెలలకి కావాలన్నా సరే. తిరిగి వెళ్లే మొదటి రోజున గేటు దగ్గర దింపి వచ్చేయకండి. ప్రాక్టీస్ అయ్యేదాకా వాళ్లు తలెత్తితే కనిపించే చోట కూర్చోండి.